తొమ్మిది గజాల మాట: చీరదా, సిమెంటుదా, తుపాకీదా?

ప్రశ్న: ఇంగ్లీషులో ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అనే జాతీయం మన తొమ్మిది గజాల చీర నుంచే పుట్టిందని వాట్సాప్‌లో వచ్చింది. తెల్లదొరలు మన ఆడవాళ్ల కట్టు చూసి, మొత్తం తొమ్మిది గజాలూ కడతారా అని ఆశ్చర్యపోయారట. అదే వాళ్ల భాషలో నిలిచిపోయిందట. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదండీ. నమ్మబుద్ధయ్యే కథే గానీ సాక్ష్యం ఒక్కటీ లేదు.

ముందు అర్థం. పనిని సగంలో వదలకుండా అంతా చేయడం, సంగతిని దాచకుండా అంతా చెప్పడం, ఏ లోటూ లేకుండా అన్నీ ఉండడం. మాట పుట్టింది అమెరికాలో. బ్రిటన్‌కి, మనకి తర్వాత చేరింది. చీర కథకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. దొరలు మన దేశంలో నేర్చుకున్న మాటే అయితే వాళ్ల ఉత్తరాల్లో, మద్రాసు, కలకత్తా పత్రికల్లో, లండన్ పత్రికల్లో ముందు కనిపించాలి. కానీ పాత ఉదాహరణలన్నీ అమెరికాలోని చిన్న ఊళ్ల పత్రికల్లోనే దొరికాయి.

తొమ్మిది గజాల చీర మాత్రం నిజం. మరాఠీలో ‘నౌవారీ’ అంటేనే తొమ్మిది వారలది అని. తమిళ బ్రాహ్మణ స్త్రీల మడిసారు కట్టూ అంతే. తొమ్మిది గజాలు 8.23 మీటర్లు. మూర అంటే అర గజం కాబట్టి మూరల్లో పద్ధెనిమిది. మామూలు చీర ఆరు గజాలు, అంటే దాదాపు ఐదున్నర మీటర్లు. విచిత్రమేమిటంటే అమెరికా పత్రికల్లో ‘తొమ్మిది గజాలు’తో పాటు ‘ఆరు గజాలు’ కూడా అదే అర్థంలో దొరికింది. ఆరు, తొమ్మిది రెండూ మన చీరల కొలతలే కదా అనిపించడం సహజం. అది కాకతాళీయం. ఆ పత్రికలు అచ్చయిన ఊళ్లు చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పటిదాకా దొరికిన పాత అచ్చు 1907 మే 2 నాటిది. ఇండియానా రాష్ట్రంలో మిచెల్ అనే చిన్న ఊరి పత్రిక, ‘మిచెల్ కమర్షియల్’. ఊరి బేస్‌బాల్ జట్టు వ్యాపారులతో ఆడబోతోందని వార్త. వాళ్లు తట్టుకోగలిగినన్ని ఇన్నింగ్స్ ఆడతారు గానీ ‘ఫుల్ నైన్ యార్డ్స్’ మాత్రం హామీ ఇవ్వలేం అని రాశారు. బేస్‌బాల్ జట్టుకు తొమ్మిది మంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. అయితే మాట ఆటలోంచే వచ్చిందా? అదే పత్రిక 1908 జూన్ 4 సంచిక చూడండి. ఒకాయన చేపలు పట్టడానికి వెళ్లొచ్చి పెద్ద కథ మోసుకొచ్చాడు, వినే ఓపిక మాకు లేదు, ఏ అమాయకుడో దొరికితే వాడికి మొత్తం తొమ్మిది గజాలూ వినిపిస్తాడు అని అందులో ఉంది. అక్కడ ఆట లేదు, గుడ్డ లేదు, చేపల కబుర్లే. అంటే అప్పటికే ఆ ఊళ్లో అది అందరికీ తెలిసిన పలుకుబడి. వివరించాల్సిన అవసరం పత్రికకు కనిపించలేదు.

తర్వాతివి 1912లో, కెంటకీ రాష్ట్రంలోని ‘మౌంట్ వెర్నన్ సిగ్నల్’ పత్రికలో. మే 17న, రిపబ్లికన్ పార్టీలో అప్పటి అధ్యక్షుడు టాఫ్ట్, మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొట్టుకుంటున్నారు, పోరు ముదిరితే ‘హోల్ సిక్స్ యార్డ్స్’ బయటపెడతారు అన్నారు. జూన్ 28న, ఈ వారం వార్తలన్నీ అందలేదు, వచ్చే సంచికలో మొత్తం ఆరు గజాలూ ఇస్తాం అన్నారు. 1921లో దక్షిణ కరోలినాలోని ‘స్పార్టన్‌బర్గ్ హెరాల్డ్’ ఒక శీర్షికలో మళ్లీ ఆరు గజాలే రాసింది. 1956 జులైలోనూ 1957 జనవరిలోనూ కెంటకీ వన్యప్రాణి శాఖ పత్రిక ‘కెంటకీ హ్యాపీ హంటింగ్ గ్రౌండ్’లో తొమ్మిది గజాలు మళ్లీ కనిపించాయి. ఇండియానా, కెంటకీ రాష్ట్రాలకు మధ్య సరిహద్దు ఓహయో నది. ఈ మాట ఆ నదికి అటూ ఇటూ ఉన్న పల్లెజనం నోట పెరిగిందని మా గట్టి నమ్మకం. అక్కడికి చీర వెళ్లిన దారి ఏదీ లేదు.

ప్రశ్న: నేను సైటు ఇంజనీరును. రెడీమిక్స్ లారీ డ్రమ్ములో పట్టేది తొమ్మిది ఘనపు గజాలు, లారీ మొత్తం దించేస్తే ‘హోల్ నైన్ యార్డ్స్’ అని మా శిక్షణలో చెప్పారు. కొలత సరిపోతోంది కదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఊళ్లో ‘రెండొందల గజాల ప్లాటు’ అంటే చదరపు గజాలని ఎవరూ విడమర్చి చెప్పరు. అమెరికాలో కాంక్రీటు వాళ్లు కూడా ‘యార్డ్’ అంటే ఘనపు గజమే. కాబట్టి మీ వాదంలో భాష తప్పు లేదు. తప్పు కాలంలోనూ డ్రమ్ములోనూ ఉంది.

తొమ్మిది ఘనపు గజాలంటే 6.88 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు దాదాపు 2.4 టన్నుల చొప్పున కాంక్రీటు ఒక్కటే పదహారున్నర టన్నులు తూగుతుంది. ఇప్పటి పెద్ద లారీకి అదేం ఎక్కువ కాదు. కానీ జాతీయం జనంలోకి పాకిన 1960ల మొదట్లో అమెరికా లారీల్లో ఎక్కువ వాటికి అంత మోసే శక్తి లేదు. పైగా డ్రమ్మును నిండా నింపరని మీకు మాకంటే బాగా తెలుసు. లారీలోనే కలిపేటప్పుడు డ్రమ్ము ఘనపరిమాణంలో 63 శాతం, ప్లాంటులో కలిపినదాన్ని తిప్పుతూ తీసుకెళ్లేటప్పుడు 80 శాతం దాటకూడదని అమెరికా ప్రమాణం. అంతకు మించితే లోపలి రెక్కలకు మిశ్రమం తిరిగే చోటు ఉండదు, కంకర ఒక పక్కకు చేరుతుంది, ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు వెనక నుంచి ఒలుకుతుంది. అందుకే డ్రమ్ము ‘మొత్తం’ అనే మాట ఆ వృత్తిలో లారీ లారీకీ మారుతుంది. తొమ్మిది దగ్గర స్థిరపడాల్సిన కారణం కనిపించదు. ఇవన్నీ పక్కన పెట్టినా, 1907లో మిచెల్ ఊళ్లో కాంక్రీటు లారీయే లేదు.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల మెషిన్‌గన్ తూటాల బెల్టు పొడవు 27 అడుగులు, అంటే తొమ్మిది గజాలు. శత్రువు మీద బెల్టు అంతా ఖాళీ చేస్తే ఆ మాట అనేవారని చదివాను. తెరచాప ఓడల గురించి కూడా ఇలాంటిదే విన్నాను. ఏది సరైనది?
— నౌకాదళంలో పనిచేసి రిటైరైన పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెషిన్‌గన్ కథను అమెరికాలో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. దానికి కారణముంది. చాలాకాలం నిఘంటుకారులకు దొరికిన పాత ఉదాహరణలన్నీ 1960లవి. వాటిలో ఎక్కువ వైమానిక దళం, అంతరిక్ష సంస్థ చుట్టూ తిరిగేవే. 1964 ఏప్రిల్‌లో శాన్ ఆంటోనియో పత్రికలో అంతరిక్ష సిబ్బంది యాస మీద వచ్చిన వ్యాసంలో, ఒక ప్రాజెక్టు గురించి అంశం అంశంగా చెప్పమనడానికి ఈ మాట వాడతారని ఉంది. 1967లో వియత్నాం యుద్ధ విమానచోదకుల మీద వచ్చిన పుస్తకంలోనూ ఉంది. దాంతో పైలట్ల మాట అన్నారు, పైలట్లకు గజాలతో ఏం పని అని వెతికారు, తూటాల బెల్టు దొరికింది.

కానీ బెల్టు అన్నిట్లో ఒకే పొడవు కాదు. అమెరికా యుద్ధవిమానం పీ-51డీ మస్టాంగ్‌నే చూడండి. రెక్కల్లో ఆరు తుపాకులు. లోపలి రెండిటికీ 400 తూటాల చొప్పున, మిగతా నాలుగింటికీ 270 చొప్పున, మొత్తం 1,880. ఒకే విమానంలోనే రెండు పొడవులు. పీ-47 అనే మరో విమానంలో తుపాకీకి 425 దాకా పెట్టే వీలుంది. సిబ్బంది లెక్క ఎప్పుడూ తూటాల్లోనే, గజాల్లో కాదు. యుద్ధం నాటి ఉత్తరాలు, డైరీలు, శిక్షణ పుస్తకాలు ఎన్నో అచ్చయ్యాయి. ఆ అర్థంలో ఈ మాట వాటిలో ఒక్కచోటా దొరకలేదు.

తెరచాపల కథ ఇలా చెబుతారు. తెరచాపను వేలాడదీసే అడ్డదూలాన్ని ఇంగ్లీషులో ‘యార్డ్’ అంటారు. మూడు స్తంభాలు, స్తంభానికి మూడు దూలాలు, మొత్తం తొమ్మిది. అన్నీ విప్పితే ఓడ పూర్తి వేగంతో పోతుంది. వినడానికి బాగుంది. మీరు ఓడల మనిషి కాబట్టి లోపం మీకే కనిపిస్తుంది. పెద్ద ఓడలకు స్తంభానికి నాలుగు, ఐదు, ఆరు దూలాలు కూడా ఉండేవి. ఓడ పనివాళ్లు అడ్డదూలాల లెక్కతో వేగం చెప్పరు.

‘యార్డ్’ అంటే ఆవరణ కూడా, మన గుంటూరు మిర్చి యార్డులో ఉన్నట్టు. 1942లో అమెరికా సెనేట్ కమిటీ ముందు అడ్మిరల్ ఎమరీ ల్యాండ్ ఓడల నిర్మాణం లెక్క చెబుతూ అచ్చంగా ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అన్నాడు. ఎన్నేళ్లుగానో వెతుకుతున్న మాట యుద్ధకాలంలోనే దొరికిందని కొందరు సంబరపడ్డారు. కానీ ఆయన చెబుతున్నది తొమ్మిది నౌకా నిర్మాణ యార్డుల సగటు. అక్షరాలు అవే, మాట వేరు.

ప్రశ్న: ఇన్ని కథలు కొట్టేశారు సరే. మీ జవాబేమిటి? అసలు తొమ్మిదే ఎందుకు?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మన భాషలో ‘పదహారణాల తెలుగుదనం’ అంటాం. అక్కడ పదహారు ఊరికే రాలేదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. కాబట్టి పదహారణాలంటే పూర్తి, తరుగు లేనిది. అంకె వెనక లెక్క ఉంది, అది తెలిస్తే మాట తెలిసినట్టే. అదే ‘కొండవీటి చాంతాడంత జాబితా’ అంటే ఆ చాంతాడు ఎన్ని మూరలని ఎవరూ అడగరు. పొడవైనదని చెప్పడమే దాని పని.

చీర, లారీ, బెల్టు, ఓడ కథలన్నీ ఈ మాటను పదహారణాల జాతి అనుకుని మొదలవుతాయి. సరిగ్గా తొమ్మిది గజాలుండే వస్తువు ఏదో ఉండి తీరాలని పట్టుబడతాయి. దొరికిన పత్రికలు మాత్రం చాంతాడు జాతి అని చెబుతున్నాయి. ఆరు అన్నా తొమ్మిది అన్నా అర్థం మారలేదు. ఒక ప్రత్యేక వస్తువు కొలతే అయితే అంకె అలా ఊగదు, పన్నెండణాల తెలుగుదనం అని ఎవరూ అనరు కదా. 1908, 1912 ఉదాహరణలు మూడింటిలోనూ జరుగుతున్నది చెప్పడం: చేపల కథ, పార్టీ గుట్టు, వారం వార్తలు. పొడవాటి కబురును గజాల లెక్కన కొలిచి ఇవ్వడం. గుడ్డల కొట్లో తానులోంచి గజంబద్దతో కొలిచి చింపే దృశ్యం ఆ మాట వెనక ఉండి ఉండవచ్చని మా అభిప్రాయం. ఇది అభిప్రాయం మాత్రమే, రుజువు కాదు.

ఈ గుడ్డల దారికి ఊతమిచ్చే పాత కాగితం ఒకటుంది. 1855 జనవరి 30న ఇండియానాలోని న్యూ ఆల్బనీ పత్రికలో ‘జడ్జిగారి పెద్ద చొక్కా’ అనే హాస్య కథనం వచ్చింది. మూడు చొక్కాలకు సరిపడా గుడ్డ తెమ్మంటే, ఒకావిడ మొత్తం తొమ్మిది గజాలూ ఒకే చొక్కాకు పెట్టేసిందని జడ్జి వాపోతాడు. మాట అదే, ప్రాంతం కూడా అదే దక్షిణ ఇండియానా. ఇక్కడితో చిక్కు వీడిందని చాలామంది తీర్పు ఇచ్చేశారు. మేం ఇవ్వం. ఆ కథనంలో తొమ్మిది గజాలు నిజంగా గుడ్డే, చొక్కాకు మూడు గజాల చొప్పున లెక్క సరిపోతుంది. దానికీ 1907కీ మధ్య 52 ఏళ్లు. ఆ నడుమ ఈ మాట జాతీయంగా వాడిన కాగితం దొరికితే అప్పుడు ఒప్పుకుందాం.

ఈ వెతుకులాటలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. యేల్ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారి, సూక్తుల సంకలనకర్త ఫ్రెడ్ షపీరో ఒకరు. నాడీశాస్త్ర పరిశోధనలో పనిచేస్తూ తీరిక వేళల్లో పాత పత్రికలు జల్లెడపట్టిన బానీ టేలర్-బ్లేక్ మరొకరు. 2012 చివరికి ఆరు గజాల ఉదాహరణలే అన్నిటికంటే పాతవి కావడంతో, ఆరే కాలక్రమంలో తొమ్మిదిగా ఉబ్బిందని అనుకున్నారు. తర్వాత 1907, 1908 కాగితాలు బయటపడి ఆ వరుసను తలకిందులు చేశాయి. నిన్న వచ్చిన సాక్ష్యం కోసం మొన్న అన్న మాటను దిద్దుకోవడం ఈ పనిలో గొప్ప సుగుణం.

ప్రశ్న: నేను ఎంఏ ఇంగ్లీషు విద్యార్థినిని. ఒక జాతీయం మొదట ఎప్పుడు వాడారో మేం ఇంటినుంచే వెతకగలమా? ఎలా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వెతకగలరు, డబ్బు ఖర్చు లేకుండా. అమెరికా మాటలకైతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’ పాత పత్రికల నిధి ఉచితం. గూగుల్ బుక్స్ రెండోది.

మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి, లేకపోతే ఏ పదానికాపదం వేరుగా వచ్చి వేల పుటలు మీద పడతాయి. తర్వాత రూపాలు మార్చండి: ‘హోల్’ బదులు ‘ఫుల్’, ‘ఆల్’, తొమ్మిది బదులు ఆరు, మధ్యలో చిన్న గీతతో, గీత లేకుండా. ‘హోల్’తో మాత్రమే వెతికినవారికి 1907 కాగితం దొరకదు, అందులో ఉన్నది ‘ఫుల్’ కాబట్టి. ఏళ్ల పరిధి పెట్టుకుని వెనక్కి జరుపుతూ పోండి.

ఎక్కువమంది బోల్తాపడేది తేదీ దగ్గర. గూగుల్ బుక్స్‌లో ఒక పత్రిక మొదలైన ఏడాదినే దాని సంపుటాలన్నిటికీ తగిలించడం మామూలు. 1910 అని చూపే పుటలో 1974 నాటి వ్యాసం ఉండవచ్చు. అనుమానం వస్తే అదే సంపుటంలో ‘టెలివిజన్’ అని గానీ, ‘1970’ అని గానీ వెతకండి. దొరికితే ఆ తేదీ తప్పు. పుట బొమ్మ తెరిచి, పత్రిక తల మీద అచ్చయిన తేదీని మీ కళ్లతో చదివేదాకా రాసుకోవద్దు. పాత అచ్చు చెదిరిన చోట కంప్యూటర్ ఒక అక్షరాన్ని మరొకటిగా చదువుతుంది. మాట పంక్తి చివర విరిగితే అసలే పట్టుకోలేదు. కాబట్టి ‘దొరకలేదు’ అంటే ‘లేదు’ అని కాదు.

ఆఖరి పరీక్ష అర్థానిది. మీకు దొరికిన వాక్యంలో ఆ మాట తీసేసి ‘అంతా’ అని పెట్టి చూడండి. అర్థం చెడకపోతే జాతీయం. గుడ్డో, నేలో, నౌకా కేంద్రమో గల్లంతైతే మామూలు కొలత. 1855 చొక్కా ఇక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: ‘రూల్ ఆఫ్ థంబ్’ అనే మాట, భర్త భార్యను బొటనవేలి లావు మించని బెత్తంతో కొట్టవచ్చన్న పాత ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చిందట. వాడకూడదా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నిరభ్యంతరంగా వాడండి. ఆ మాట 17వ శతాబ్దానికే అచ్చులో ఉంది, పుస్తకం చూసి కాకుండా చేతి అంచనాతో, అనుభవంతో పని చేయడం అనే అర్థంలో. మనం జానెడు, బెత్తెడు అని చేత్తో కొలిచినట్టే. బెత్తం గొడవ 1782లో ఇంగ్లండు జడ్జి ఫ్రాన్సిస్ బుల్లర్ పేరు మీద వచ్చింది. ఆయన అలా అన్నాడని ప్రచారమై, జేమ్స్ గిల్రే ‘జడ్జి థంబ్’ అని కార్టూన్ గీశాడు. అలాంటి చట్టం ఇంగ్లండు శాసనాల్లో లేదు. జాతీయాన్ని దానికి ముడిపెట్టడం 1970లలో మొదలైంది. అయితే భార్యను కొట్టడాన్ని ఆనాటి కోర్టులు చూసీ చూడనట్టు వదిలేసిన మాట వాస్తవం. 1868లో అమెరికాలోని ఉత్తర కరోలినా కేసు ఒకటి అందుకు సాక్ష్యం. ఆ చరిత్రను చెప్పాల్సిందే, ఈ మాటతో కలపకుండా చెప్పాలి.

ప్రశ్న: అనువాదంలో ‘హోల్ నైన్ యార్డ్స్’ వస్తే ఏం రాయాలి? ‘మొత్తం తొమ్మిది గజాలు’ అని రాసిన సబ్‌టైటిల్ చూశాను.
— ఒక అనువాదకుడు, డాలస్

జవాబు: అలా రాస్తే తెలుగు ప్రేక్షకుడు ప్లాటు అనుకుంటాడు, లేదా చీర. ఏం జరుగుతోందో చూసి మాట ఎంచుకోండి. ఎవరైనా సంగతి చెబుతున్నారా? ‘పూసగుచ్చినట్టు చెప్పాడు’, ‘పొల్లు పోకుండా చెప్పాడు’. పని చేస్తున్నారా? ‘ఆసాంతం చేశాడు’, ‘ఏ లోటూ రానివ్వలేదు’. వస్తువులు, హంగులు లెక్కపెడుతున్నారా? ‘సకల హంగులతో’, ‘సమస్తం’. పోలీసు అధికారి కింది ఉద్యోగిని ‘గివ్ మీ ద హోల్ నైన్ యార్డ్స్’ అని గద్దిస్తే ‘మొదటినుంచీ అంతా చెప్పు’ చాలు, సబ్‌టైటిల్‌లో చోటు కూడా తక్కువే. ‘పదహారణాల’ను మాత్రం ఇక్కడ వాడకండి. అది మనిషికో గుణానికో విశేషణంగా అతుకుతుంది గానీ, చెప్పిన కథకు అతకదు.